ప్రైమర్లు ఆర్డర్ చేసే ముందు

అమ్మా,

నీ జీన్‌ని గేట్‌వే పద్ధతిలో (అట్ సైట్లనే గుర్తుల దగ్గర ఎంజైములు డీఎన్‌ఏ ముక్కల్ని మార్పిడి చేసే పద్ధతి) ఎక్స్‌ప్రెషన్ వెక్టర్‌లోకి, అంటే జీన్ నుంచి ప్రొటీన్ చేయించే డీఎన్‌ఏ వాహకంలోకి, ఎక్కిస్తానని రాశావు, సంతోషం. ఒక్క ఎంట్రీ క్లోన్ (నీ జీన్ మొదట కూర్చునే ప్లాస్మిడ్, అంటే గుండ్రటి డీఎన్‌ఏ) చేతికొస్తే చాలు, మళ్లీ పీసీఆర్ అవసరం లేకుండా దాన్ని బ్యాక్టీరియా, ఈస్ట్, జంతుకణాల వెక్టర్లన్నిటిలోకీ మార్చుకోవచ్చు. అందుకే ఆ ఒక్క క్లోన్‌ని మాత్రం చివరిదాకా సీక్వెన్స్ చేయించు.

ప్రైమర్లకి (పీసీఆర్‌లో జీన్ రెండు చివర్లా అతుక్కునే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) తొందరపడకు. ముందు చివరి వెక్టర్ మ్యాప్ తెరిచి, ట్యాగ్ (ప్రొటీన్‌కి తగిలించే గుర్తు) ఎటువైపు ఉందో చూడు. ట్యాగ్ ముందుంటే, ఫార్వర్డ్ ప్రైమర్‌లో వరసగా వచ్చే ఆరు 'ఎ'లు రెండు లైసిన్ కోడాన్లుగా (కోడాన్ అంటే ఒక అమైనో ఆమ్లాన్ని చెప్పే మూడక్షరాలు) పడాలి. అక్కణ్ణించి వేలు పెట్టి మూడేసి అక్షరాలు లెక్కపెట్టుకుంటూ రా. ఆ ప్రైమర్‌లో ఉండే గేట్‌వే గుర్తు, అట్‌బి1 సైట్, చివర ఒక్క 'టి' మిగులుతుంది, దానికి రెండు అక్షరాలు కలిపితేనే నీ ఏటీజీ (జీన్ మొదలయ్యే కోడాన్) ఫ్రేమ్‌లో, అంటే ఆ మూడేసి అక్షరాల వరసలో, కూర్చుంటుంది. ట్యాగ్ వెనకుంటే స్టాప్ కోడాన్ తీసెయ్యి, అటువైపు ఫ్రేమ్ కూడా చూసుకో. రెండు ప్రైమర్లకీ మొదట్లో నాలుగు 'జి'లు ఉండాలి.

పీసీఆర్ అయ్యాక ప్రైమర్ డైమర్లు (ప్రైమర్లు ఒకదానికొకటి అతుక్కుని ఏర్పడే చిన్న ముక్కలు) మిగలకుండా శుభ్రం చెయ్యి. వాటికీ అట్‌బి సైట్లుంటాయి కాబట్టి ఎంట్రీ క్లోన్ తయారుచేసే బీపీ రియాక్షన్‌లో నీ జీన్ కంటే ముందే అవి దూరిపోతాయి. ఇక బీపీ అయినా, ఎంట్రీ క్లోన్ నుంచి చివరి వెక్టర్‌లోకి మార్చే ఎల్ఆర్ అయినా 25 డిగ్రీల దగ్గర గంట, తర్వాత ఎంజైముల్ని ఆపడానికి ప్రొటీనేజ్ కె వేసి 37 డిగ్రీల దగ్గర పది నిమిషాలు, అంతే. జీన్ పెద్దదైతే రాత్రంతా వదిలెయ్యి.

నేను మూడు వారాలు పోగొట్టుకున్నది ఆ తర్వాత మెట్టులో. ఎల్ఆర్ చేసి ట్రాన్స్‌ఫామ్ చేస్తే, అంటే ఆ డీఎన్‌ఏని బ్యాక్టీరియాలోకి ఎక్కిస్తే, ప్లేటు నిండా కాలనీలు. ఎంత సంబరపడ్డానో! తీరా మినీప్రెప్ చేస్తే, అంటే వాటిలోని ప్లాస్మిడ్ బయటికి తీసి చూస్తే, అన్నీ ఖాళీ వెక్టర్లే. ఖాళీ వెక్టర్‌లో ఉండే సీసీడీబీ అనే విషపు జీన్ ఆ కణాన్ని చంపాలి. నేను వాడిన బ్యాక్టీరియా స్ట్రెయిన్‌లో (రకంలో) ఎఫ్ ప్లాస్మిడ్ ఉంది, అందులోని సీసీడీఏ ఆ విషానికి విరుగుడు. అందుకే ఒక్కటీ చావలేదు. స్ట్రెయిన్ జీనోటైప్‌లో ఎఫ్ ప్రైమ్ (ఆ ఎఫ్ ప్లాస్మిడ్ రకానికి గుర్తు) అని కనబడితే పక్కన పెట్టెయ్యి. అదే ఖాళీ వెక్టర్‌ని పెంచుకోవాలంటే మాత్రం సీసీడీబీని తట్టుకునే ప్రత్యేక స్ట్రెయిన్ కావాలి, ప్లేటులో క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ కూడా వెయ్యి.

ప్రైమర్ సీక్వెన్సులు, వెక్టర్ మ్యాప్ నాకు పంపు. ఆర్డర్ పెట్టేలోపు ఫ్రేమ్ నేను కూడా ఒకసారి లెక్కపెడతాను.