ఇంప్లాంట్లు పెట్టించుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 27. మొదటి నుంచీ నా రొమ్ములు చాలా చిన్నవి. ఎడమది కుడిదాని కంటే ఇంకాస్త చిన్నది. ప్యాడ్లు పెట్టుకుని తిరిగీ తిరిగీ విసుగొచ్చింది. సర్జరీ గురించి అడుగుదామని ఒక క్లినిక్‌కు వెళితే, ఈ నెలాఖరులోగా అడ్వాన్స్ కడితే రాయితీ ఇస్తామన్నారు. పెళ్లయింది. రెండేళ్లలో పిల్లలను కనాలనుకుంటున్నాం. మా వారు ‘నీ ఇష్టం’ అంటున్నారు. చేయించుకోవచ్చా? క్రీములు, మసాజ్‌లతో ఫలితం ఉంటుందా? – ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ నెలాఖరు గడువును మరిచిపోండి. ఇది అత్యవసర ఆపరేషన్ కాదు. ఆరు నెలలు ఆగినా, ఆరేళ్లు ఆగినా మీ ఆరోగ్యానికి వచ్చే నష్టమేమీ లేదు. తొందర క్లినిక్‌దే తప్ప మీది కాదు.

క్రీముల సంగతి ఒక్క మాటలో తేల్చేద్దాం. పనిచేయవు. రొమ్ము పాల గ్రంథులు, కొవ్వుతో ఏర్పడుతుంది. పైపూతలకు, మర్దనకు అది పెరగదు. వ్యాయామం చేస్తే దాని వెనక ఉన్న ఛాతీ కండరం బలపడుతుంది, రొమ్ము మాత్రం అంతే ఉంటుంది. ఎవరైనా హార్మోన్ మాత్రలు ఇస్తామంటే అస్సలు వేసుకోకండి.

ఇక సర్జరీ. అంటే సిలికాన్ జెల్ గానీ ఉప్పునీరు గానీ నింపిన సంచిని (ఇంప్లాంట్) రొమ్ములో అమర్చడం. మీ పరిస్థితిలో నా సలహా వాయిదా వేయమనే. కారణం పిల్లల విషయంలో మీకున్న ఆలోచన. గర్భం దాల్చినప్పుడు, పాలిచ్చేటప్పుడు రొమ్ములు పెరుగుతాయి, ఆ తర్వాత తగ్గి కొంత జారుతాయి. ఎవరికి ఎంత మారుతుందో ముందుగా చెప్పడం కష్టం. ఇప్పుడు సరిగ్గా కుదిరిన ఆకారం అప్పుడు చెదిరితే, సరిచేయడానికి మళ్లీ కత్తి పట్టాల్సి రావచ్చు. పిల్లలు పాలు మానేశాక కనీసం ఆరు నెలలు గడిచి, రొమ్ములు ఒక స్థితికి వచ్చాక చూసుకుంటే మీకేం కావాలో మీకే స్పష్టంగా తెలుస్తుంది. ఇంప్లాంట్లు ఉన్నవారిలో చాలామంది బిడ్డకు పాలివ్వగలుగుతారు. అయితే చనుమొన చుట్టూ కోత పెట్టిన చోట పాల నాళాలు, నరాలు దెబ్బతినే అవకాశం ఎక్కువ. రొమ్ము కింది మడతలో పెట్టే కోతతో ఆ ఇబ్బంది తక్కువ. కోత ఎక్కడ పెట్టినా చనుమొన స్పర్శ కొన్నాళ్లు తగ్గవచ్చు, కొందరికి పూర్తిగా తిరిగి రాకపోవచ్చు కూడా.

ఆపరేషన్‌కు పట్టేది గంటా రెండు గంటలే. మత్తు ఇచ్చి చేస్తారు. కూర్చుని చేసే ఉద్యోగమైతే వారం పది రోజుల్లో వెళ్లిపోవచ్చు. బరువులెత్తడానికి మాత్రం దాదాపు ఆరు వారాలు ఆగాలి. ఇదంతా క్లినిక్‌లో ఉత్సాహంగానే చెబుతారు. చెప్పడానికి అంత ఉత్సాహం చూపని విషయం ఒకటుంది: ఇంప్లాంట్ జీవితాంతం ఉండే వస్తువు కాదు. 27 ఏళ్ల వయసులో పెట్టించుకుంటే జీవితంలో కనీసం మరోసారి, బహుశా అంతకంటే ఎక్కువసార్లే ఆపరేషన్ టేబుల్ ఎక్కాల్సి రావచ్చు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2021లో ఈ విషయాన్ని ఇంప్లాంట్‌తో ఇచ్చే సమాచార పత్రాల్లో ప్రత్యేక హెచ్చరికగా ముద్రించాలని, సర్జరీకి ముందే రోగికి వివరించి సంతకం తీసుకోవాలని నిబంధన పెట్టింది.

మళ్లీ ఆపరేషన్ ఎందుకంటారా? శరీరం ఇంప్లాంట్ చుట్టూ ఒక పొర కట్టుకుంటుంది. అది సహజమే. కొందరిలో ఆ పొర బిగుసుకుపోయి రొమ్ము గట్టిపడుతుంది, ఆకారం మారుతుంది, నొప్పి పెడుతుంది. రెండోది, ఇంప్లాంట్ పగలడం. సెలైన్ రకమైతే ఉప్పునీరు కారిపోయి రొమ్ము చదునవుతుంది, వెంటనే తెలిసిపోతుంది. సిలికాన్ జెల్ రకం పగిలినా బయటికి ఏమీ తెలియకపోవచ్చు. అందుకే అది పెట్టించుకున్నవారు ఐదారేళ్లకు మొదటిసారి, ఆ తర్వాత రెండు మూడేళ్లకోసారి అల్ట్రాసౌండ్ గానీ ఎమ్మారై గానీ చేయించుకోవాలి. ఆ ఖర్చును రాయితీ లెక్కలో ఎవరూ వేయరు.

క్యాన్సర్ భయం గురించి మీరు అడగలేదు గానీ చెప్పాలి. ఇంప్లాంట్ల వల్ల మామూలు రొమ్ము క్యాన్సర్ ముప్పు పెరుగుతుందని అధ్యయనాల్లో తేలలేదు. అయితే వాటి చుట్టూ ఉండే పొరలో చాలా అరుదుగా ఒక రకం లింఫోమా (రోగనిరోధక కణాల్లో వచ్చే క్యాన్సర్) వస్తుంది. ఎక్కువగా గరుకు ఉపరితలం ఉన్న ఇంప్లాంట్లతోనే కనిపించింది. అలాంటి కొన్ని రకాలను 2019లో మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు కూడా. కాబట్టి నున్నటి రకమా, గరుకు రకమా అని తప్పకుండా అడగండి. పెట్టించుకున్న కొన్నేళ్లకు ఒక రొమ్ము ఉన్నట్టుండి వాస్తే వెంటనే చూపించుకోవాలి. మామోగ్రామ్‌కు (రొమ్ము ఎక్స్‌రే) వెళ్లినప్పుడు ఇంప్లాంట్లు ఉన్నాయని ముందే చెబితే, అదనపు కోణాల్లో చిత్రాలు తీస్తారు.

ఇంప్లాంట్ వద్దనుకుంటే పొట్ట, తొడల నుంచి కొవ్వు తీసి రొమ్ములోకి ఎక్కించే పద్ధతి ఉంది. అందులో కొంత కరిగిపోతుంది. సైజు ఓ మోస్తరుగానే పెరుగుతుంది. సన్నగా ఉన్నవారి దగ్గర తీయడానికి అంత కొవ్వే ఉండదు.

రెండు రొమ్ముల తేడా గురించి అంత దిగులు వద్దు. అచ్చంగా ఒకేలా ఉన్న జత నా ఇన్నేళ్ల ప్రాక్టీసులో కనబడిన గుర్తు లేదు. వేర్వేరు పరిమాణాల ఇంప్లాంట్లతో తేడా తగ్గించవచ్చు, పూర్తిగా పోగొట్టలేం.

మీ ఉత్తరంలో నాకు నచ్చింది ‘మా వారు నీ ఇష్టం అంటున్నారు’ అన్న మాట. ఎవరి ఒత్తిడీ లేదన్నమాట. అయితే ఒక్కటి గమనించుకోండి. ప్యాడ్ల విసుగు తీరితే చాలా, లేక సర్జరీ అయ్యాక జీవితమే మారిపోతుందన్న ఆశ ఏమైనా ఉందా? మొదటిది ఇంప్లాంట్ తీర్చగలదు. రెండోదానితో వచ్చినవారు ఆపరేషన్ చక్కగా కుదిరినా అసంతృప్తితోనే వెళ్లడం చూశాను. రోజూ గంటల తరబడి అద్దం ముందు అదే ఆలోచన అయితే ముందు సైకాలజిస్టుతో మాట్లాడటం మంచిది.

పిల్లలు పుట్టాక కూడా కోరిక ఇలాగే ఉంటే, రొమ్ముల సర్జరీల్లో అనుభవమున్న ప్లాస్టిక్ సర్జన్లను కనీసం ఇద్దరిని కలవండి. ఇంట్లో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉంటే చెప్పండి. పొగతాగే అలవాటుంటే కనీసం నెల ముందే మానేయాలి, లేకపోతే గాయం సరిగా మానదు. ఇంప్లాంట్ కంపెనీ, రకం, పరిమాణం ఏమిటో, తేడా వస్తే మళ్లీ చేసే ఆపరేషన్ ఖర్చు ఎవరిదో రాతపూర్వకంగా అడగండి. ఆ కాగితం ఇవ్వడానికి నసిగే చోట, రాయితీ ఎంత ఇచ్చినా అడ్వాన్స్ కట్టకండి.