అన్నమయ్య పదాల్లో నాయిక కోపం తెగతెంపులేనా?

కాదు, స్వామిని దగ్గరికి రావద్దంటూ నాయిక పాడే అన్నమయ్య శృంగార పదాలు తెగతెంపులవి కావు, ప్రణయకలహానివి. రాత్రంతా వేరొకతె దగ్గరుండి తెల్లారి వచ్చిన నాయకుణ్ణి నిలదీసే ఈమెను అలంకారశాస్త్రం ఖండిత అంటుంది. అతను తనవాడనే హక్కుంది కాబట్టే ఆ కోపం; వదిలేసుకుంటే నిలదీయాల్సిన పనే లేదు. తిరుమలలో వైకుంఠ ఏకాదశి తరువాత ఆరో రోజున జరిగే ప్రణయకలహోత్సవం చూస్తే ఇది ఇట్టే తెలుస్తుంది: అమ్మవార్ల తరఫున స్వామి ఉత్సవమూర్తి మలయప్పస్వామిపైకి పూబంతులు విసురుతారు, నిందిస్తున్నట్టే పొగిడే నిందాస్తుతిగా ఆళ్వార్ల తమిళ పద్యాలైన పాశురాలు చదువుతారు, ఆ తరువాత స్వామి అమ్మవార్లతో కలిసే ఆలయంలోకి వెళతారు. చాలామంది పల్లవి, మొదటి చరణం మాత్రమే విని ఎడబాటు పాట అనుకుంటారు. వేంకటేశుడి పేరు ముద్రగా (అన్నమయ్య సంతకంలా) ఉండే చివరి చరణం దాకా వినాలి. ఆయన ఆమెను కూడిన మాట తరచుగా అక్కడే ఉంటుంది.