పాత బండి కొంటున్నాను, ఆర్‌సీ తర్వాత మార్చుకుంటే ఏమవుతుంది?

ప్రశ్న: మాది భూత్పూర్ దగ్గర పల్లెటూరు. పోలేపల్లి సెజ్‌లో షిఫ్టు డ్యూటీ చేస్తాను. కంపెనీ బస్సు మా ఊరికి రాదు. రానూపోనూ రోజుకు 50 కిలోమీటర్లు పడుతుంది. ఊళ్లో తెలిసినాయన 2021 అక్టోబర్‌లో కొన్న 100 సీసీ బండిని 42 వేలకు ఇస్తానంటున్నాడు. కిస్తీలన్నీ కట్టేశాడట, కానీ ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు ఇంకా ఉంది. బాండ్ పేపర్ మీద రాసుకుందాం, ఆర్‌సీ తర్వాత చూసుకోవచ్చంటున్నాడు. మా బావమరిదేమో కొత్త 160 సీసీ తీసుకో, డౌన్ పేమెంట్ కడితే చాలంటున్నాడు. చట్టపరంగా ఏది మంచిది?

జవాబు: 160 సీసీ సంగతి తర్వాత చూద్దాం. మీ ప్రశ్నలో నాకు భయం వేసిన మాట ఆ బాండ్ పేపర్.

వంద రూపాయల బాండ్ మీద ఇద్దరు సాక్షులను పెట్టి "నేటి నుంచి సర్వ బాధ్యతలు కొన్నవారివే" అని రాసుకోవడం మన దగ్గర మామూలే. డబ్బు ముట్టినట్టు, బండి చేతులు మారినట్టు అది సాక్ష్యంగా పనికొస్తుంది. అంతకు మించి దానికి బలం లేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 2(30) ప్రకారం బండి ఎవరి పేరున రిజిస్టర్ అయిందో వాళ్లే ఓనర్. నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2018లో ఈ మాటే చెప్పింది. ఆ కేసులో కారు ఒకరి తర్వాత ఒకరి చేతికి పోయింది, ఆర్‌సీ మాత్రం అమ్మినాయన పేరునే ఉండిపోయింది. ప్రమాదం జరిగాక నష్టపరిహారం ఆయన మెడకే చుట్టుకుంది.

ఇబ్బంది అమ్మినాయనకే కదా, నాకేంటి అనుకోకండి. రోజూ నేషనల్ హైవే 44 మీద, అదీ రాత్రి షిఫ్టులకు పోయే మనిషి మీరు. వెనక లైట్ లేని ట్రాక్టర్లు, రోడ్డు మీద ఆరబోసిన వడ్లు మీకు కొత్త కాదు. రేపు మీకే ఏదైనా అయితే, ఓనర్ స్వయంగా నడుపుతూ ప్రమాదానికి గురైతే వర్తించే 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఒకటుంది. ఆర్‌సీలోనూ, పాలసీలోనూ మీ పేరుండి, చెల్లే లైసెన్స్ ఉంటేనే అది మీ ఇంటివాళ్లకు అందుతుంది. పేరు ఇంకొకరిది, నడిపింది మీరు అయితే కంపెనీ కాగితాలు చూసి తిప్పి పంపుతుంది. 42 వేల బండిలో పేరు మార్పుకయ్యే కొద్దిపాటి ఖర్చు తప్పించుకుందామని 15 లక్షలు పోగొట్టుకోవడం ఏం లెక్క?

ఇన్సూరెన్స్ ఉందని ఆయన చూపిస్తే కాగితం పూర్తిగా చదవండి. 2018 సెప్టెంబర్ 1 నుంచి కొత్త టూ వీలర్లకు ఒకేసారి 5 ఏళ్ల థర్డ్ పార్టీ తీసుకోవాలి. కాబట్టి ఆ బండికి 2026 అక్టోబర్ దాకా పాలసీ ఉన్నట్టే కనిపిస్తుంది. అది మీరు ఎవరినైనా గుద్దితే వాళ్లకు ఇచ్చేది. బండి పోయినా, విరిగినా ఇచ్చే ఓన్ డ్యామేజ్ భాగాన్ని చాలామంది మొదటి ఏడాదితోనే వదిలేస్తారు. సెక్షన్ 157 ప్రకారం బండితో పాటు థర్డ్ పార్టీ కవర్ కొన్నవారికి వస్తుంది, 14 రోజుల్లో కంపెనీకి రాసి పేరు మార్పించుకోవాలి. ఓన్ డ్యామేజ్ అలా తనంతట తాను రాదు, కంపెనీ ఒప్పుకోవాలి. ఇంకో మాట, డ్యూటీకి పోతూ తోటివాణ్ని వెనక ఎక్కించుకుంటారేమో. ఒట్టి థర్డ్ పార్టీ పాలసీ వెనక కూర్చున్నవాళ్లకు వర్తించదని 2006లో తిలక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. థర్డ్ పార్టీ, ఓన్ డ్యామేజ్ రెండూ కలిసిన ప్యాకేజీ పాలసీ తీసుకుంటే వాళ్లకూ వర్తిస్తుంది.

"తర్వాత చూసుకుందాం" అన్న మాట ఎలా తిరగబడుతుందో నా దగ్గరికి వచ్చిన ఒకాయన కథ చెబుతాను. దేవరకద్ర వైపు మనిషి. బాండ్ మీద బండి కొని రెండేళ్లు నడిపాడు. ఒకరోజు బస్టాండ్ బయట పెట్టిన బండి పోయింది. స్టేషన్‌కు పోతే ఆర్‌సీ ఓనర్‌ను తీసుకురమ్మన్నారు. ఆ ఓనరేమో అప్పటికే పనికోసం బొంబాయి పోయి ఏడాదైంది, ఫోన్ నంబర్ కూడా మారింది. పాలమూరులో ఇది వింత కాదు కదా. ఆయన్ను వెతికి పట్టుకునేసరికి మూడు నెలలు గడిచాయి. ఇన్సూరెన్స్ పైసలు చివరికి రానేలేదు.

ఇక ఫైనాన్స్ పేరు. ఆర్‌సీ కార్డు మీద హైపోథికేషన్ (అప్పు కింద తాకట్టు) అన్న గడిలో కంపెనీ పేరున్నంత వరకు, సెక్షన్ 51 ప్రకారం వాళ్లు రాతపూర్వకంగా ఒప్పుకోనిదే ఆర్టీఏ ఆఫీసులో పేరు మారదు. కిస్తీలు కట్టేశానని నోటితో చెబితే చాలదు. అభ్యంతరం లేదని ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే ఎన్‌వోసీ, ఆర్‌సీలో వాళ్ల పేరు తీసేయడానికి వాళ్లు సంతకం పెట్టిన ఫారం 35 ఆయన చేతిలో ఉండాలి. నిజంగా అప్పు తీరితే ఇవి తెచ్చుకోవడం పెద్ద పని కాదు. నాన్చుతున్నాడంటే ఒకటో రెండో కిస్తీలు మిగిలే ఉంటాయని నా అనుమానం. అవి ఎగ్గొడితే బండిని వెతుక్కుంటూ ఫైనాన్స్ వాళ్లు వచ్చేది మీ గడపకే.

ఎన్‌వోసీ తెచ్చాడంటే మిగతాది తేలికే. అమ్మినట్టు తెలిపే ఫారం 29 ఆయన, పేరు మార్చమని అడిగే ఫారం 30 మీరు నింపి, ఆర్టీఏ ఆఫీసులో స్లాట్ బుక్ చేసుకుని ఇవ్వాలి. సెక్షన్ 50 ప్రకారం ఆయనకు 14 రోజులు, మీకు 30 రోజుల గడువు. ఖాళీ ఫారాల మీద సంతకాలు మాత్రం తీసుకోకండి, ఇవ్వకండి. తెలంగాణ పోలీసు ఈ-చలాన్ వెబ్‌సైట్లో బండి నంబర్ కొట్టి పాత చలాన్లు ఆయన చేతే కట్టించండి. తర్వాత హ్యాండిల్‌ను ఒక పక్కకు పూర్తిగా తిప్పండి. మెడ దగ్గర ఇనుము మీద చాసిస్ నంబర్ కొట్టి ఉంటుంది. దుమ్ము, గ్రీజు పేరుకుని ఉంటే గుడ్డతో తుడిచి, ఫోన్ లైట్ వేసి, 17 అక్షరాలూ అంకెలూ ఆర్‌సీతో ఒక్కొక్కటిగా పోల్చుకోండి. ఒక్క అంకె గీకి మళ్లీ కొట్టినట్టున్నా ఆ బండి మీకు వద్దు.

(పాత బండ్లు అమ్మే కన్సల్టెన్సీల్లో ఏపీ 22 (ఉమ్మడి రాష్ట్రం నాటి మహబూబ్‌నగర్) నంబర్ బండ్లు చవగ్గా చూసి ఆశపడేవాళ్లకు ఒక మాట. అవి 2014 జూన్‌కు ముందు రిజిస్టర్ అయినవి. 15 ఏళ్లు నిండితే రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి, ఆ ఖర్చూ తిరుగుడూ కొన్నవాళ్లకే.)

ఇప్పుడు మీ బావమరిది మాట. నేను మెకానిక్‌ను కాదు, కాగితాల లెక్కే చెబుతాను. 2022 జూన్ 1న వచ్చిన రేట్లలో 75 నుంచి 150 సీసీ దాకా థర్డ్ పార్టీ ప్రీమియం ఏడాదికి 714 రూపాయలు. 150 దాటి 350 దాకా 1,366. కొత్త బండికి 5 ఏళ్లది ఒకేసారి కట్టాలి గనుక 3,851 బదులు 7,365. దాని మీద జీఎస్టీ ఉంటే అదీ. డ్యూటీకి పోయి రావడానికి 160 అక్కర్లేదని నా అభిప్రాయం. కొత్తదే కావాలంటే 100, 125ల్లో చూడండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ లోపు బండ్లకు జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పాత బండికి 42 వేలు అడుగుతున్న ఆయనతో బేరమాడటానికి కూడా ఈ మాట పనికొస్తుంది.

షోరూమ్‌లో ఇన్సూరెన్స్ ఇక్కడే తీసుకోవాలంటే ఒప్పుకోనక్కర్లేదు, మీకు నచ్చిన కంపెనీలో తీసుకోవచ్చు. కేంద్ర మోటారు వాహనాల నియమం 138(4) ప్రకారం బండితో పాటు ఐఎస్ఐ హెల్మెట్ ఇవ్వాల్సిన బాధ్యత తయారీదారుది. దానికి వేరే బిల్లు వేస్తే అడగండి.

నన్నడిగితే, ఎన్‌వోసీ వస్తే ఊరాయన బండే తీసుకోండి. వెయ్యో రెండు వేలో బయానా ఇవ్వండి. మిగతా డబ్బు ఆర్టీఏ ఆఫీసులో కాగితాలు తీసుకుని రసీదు ఇచ్చాకే. "మన ఊరోళ్లమే కదా, నమ్మకం లేదా" అని ఆయన నొచ్చుకుంటే, నవీన్ కుమార్ కేసులో పరిహారం ఎవరు కట్టాల్సి వచ్చిందో చెప్పండి. స్లాట్ ఆయనే బుక్ చేస్తాడు.