ముందు రిఫరల్, ఆ తర్వాతే అప్లై

"హైదరాబాద్‌లో జావా ఉద్యోగం వెతుకుతున్నాను, నాలుగేళ్ల అనుభవం ఉంది. ఆన్‌లైన్‌లో అప్లై చేయడం మేలా, తెలిసినవాళ్లను పట్టుకోవడం మేలా?" అని అడిగారు. తెలిసినవాళ్లనే పట్టుకోండి. వాళ్లు పనిచేసే కంపెనీకి మీ పేరు సిఫార్సు చేయడాన్నే రిఫరల్ అంటారు. అది అయ్యాకే అప్లై బటన్ జోలికి వెళ్లండి. ఈ వరస తప్పడం వల్లే చాలామందికి చేతికందిన రిఫరల్ కూడా అక్కరకు రాకుండా పోతోంది.

కంపెనీ కెరీర్ సైట్‌లో మీరే అప్లై చేస్తే మీ మెయిల్, ఫోన్ నంబరు వాళ్ల సిస్టమ్‌లోకి ఎక్కేస్తాయి. తర్వాత మీ ఫ్రెండ్ లోపలి పోర్టల్‌లో అదే మెయిల్ కొడితే "ఈ అభ్యర్థి వివరాలు ఇప్పటికే ఉన్నాయి" అని ఆగిపోతుంది. చాలా కంపెనీల్లో కొన్ని నెలల దాకా ఆ తాళం తీయరు. రిఫర్ చేసినందుకు కంపెనీ ఇచ్చే బోనస్ ఫ్రెండ్‌కి రాదు, మీ రెజ్యూమే రిఫరల్ వరసలోకి వెళ్లదు.

అడిగే పద్ధతి కూడా ముఖ్యం. "హాయ్ అన్నా, ఓపెనింగ్స్ ఉంటే చెప్పు" అంటే ఎవరూ పట్టించుకోరు, ఎందుకంటే వెతికే పని వాళ్ల మీద పడుతుంది. ఇలా రాయండి: "నమస్తే అన్నా. మీ కంపెనీలో బ్యాకెండ్ డెవలపర్ ఓపెనింగ్ చూశాను, జాబ్ ఐడీ కింద ఇచ్చాను. జావా, స్ప్రింగ్ బూట్, కాఫ్కాలో నాలుగేళ్లు చేశాను. నోటీసులో ఉన్నాను, ఆఖరి రోజు ఆగస్టు 14. రెజ్యూమే జత చేశాను, రిఫర్ చేస్తారా?" జాబ్ ఐడీ ఉంటే వాళ్లకు ఐదు నిమిషాల పని. ముక్కూమొహం తెలియని మేనేజరు కంటే, మీతో ఒకే టీమ్‌లో పనిచేసి వెళ్లిపోయినవాళ్లే నయం. మీ పని ఎలాంటిదని హెచ్ఆర్ అడిగితే వాళ్లు చెప్పగలరు.

రిఫరల్‌కు డబ్బులడిగితే మాత్రం అక్కడే ఆగండి. రిఫర్ చేసినవాళ్లకు కంపెనీయే ఇస్తుంది, మీరిచ్చేది ఏమీ లేదు. లక్షలు తీసుకుని బ్యాక్‌డోర్ అంటూ దొంగ ఎక్స్‌పీరియన్స్ పెట్టించేవాళ్లు అమాయకుల జీవితాలతో ఆడుకుంటున్నారు. వెరిఫికేషన్‌లో పీఎఫ్ సర్వీస్ హిస్టరీ (ఏ కంపెనీలో ఎప్పటి నుంచి ఎప్పటి దాకా చేశారన్న పీఎఫ్ రికార్డు) తీస్తే అంతా బయటపడుతుంది.

నౌకరీ డాట్ కామ్ లాంటి జాబ్ సైట్ పనికిరాదని కాదు. అది మీరు అప్లై చేయడానికి కన్నా, రిక్రూటర్‌కు మీరు దొరకడానికి ఎక్కువ ఉపయోగం. అందులో నోటీస్ మూడు నెలలని పెడితే, 15 రోజుల్లో చేరగలిగేవాళ్లే కావాలని ఫిల్టర్ వేసిన రిక్రూటర్లకు మీరు కనిపించరు. రాజీనామా ఇచ్చేసి ఉంటే "సర్వింగ్ నోటీస్ పీరియడ్" ఎంచుకుని ఆఖరి తేదీ వేయండి. స్కిల్స్‌లో "ఫ్రేమ్‌వర్క్స్" అని రాయకుండా స్ప్రింగ్ బూట్, హైబర్‌నేట్ అని విడివిడిగా పేర్లు పెట్టండి. రెండు కాలమ్‌ల డిజైన్ రెజ్యూమేలు వద్దు. పీడీఎఫ్‌లో ఉన్నదంతా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూడండి. అక్కడ కలగాపులగంగా వస్తే, కంపెనీ సాఫ్ట్‌వేర్‌ కూడా తప్పుగా చదివే ప్రమాదం ఉంది.

రిఫర్ చేశామని వాళ్లు చెప్పగానే పని అయిపోయిందనుకోకండి. చాలా పోర్టల్స్ మీకు ఒక లింకు మెయిల్ చేస్తాయి, దాంట్లోంచే అప్లికేషన్ పూర్తి చేయాలి. స్పామ్ ఫోల్డర్ కూడా చూడండి. రెండు రోజుల్లో రాకపోతే వాళ్లనే మళ్లీ అడిగి పంపించుకోండి.