పెద్ద కెపాసిటర్ ఎంతసేపట్లో ఖాళీ అవుతుంది?

ప్రశ్న: నేను మోటారు వైండింగ్ పని చేస్తాను. పాత మోపెడ్ల మాగ్నెటో చక్రాల్లో బలం తగ్గిన అయస్కాంతాలకు మళ్లీ బలం ఎక్కించే పరికరాన్ని సొంతంగా తయారుచేసుకోవాలని ఉంది. ఒక పాత మోటారు డ్రైవ్ నుంచి తీసిన 450 వోల్టుల, 4700 మైక్రోఫారడ్ల ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ నా దగ్గర ఉంది. దాన్ని ఛార్జి చేసి స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేస్తే పెద్ద చప్పుడుతో స్క్రూడ్రైవర్ మొన కరిగి, టెర్మినల్ మీద గుంట పడింది. ఇలాంటి కెపాసిటర్ తనలోని ఛార్జిని ఎంత వేగంగా వదలగలదు? ఆ వేగాన్ని ఇంకా పెంచాలంటే ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: రెండో ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. మీ పనికి ఆ వేగాన్ని పెంచనక్కర్లేదు, నిజానికి తగ్గించాలి. స్క్రూడ్రైవర్ పరీక్షను దయచేసి మళ్లీ చేయకండి.

ఏ కెపాసిటర్‌కైనా లోపల కొంత నిరోధం ఉంటుంది. దాన్ని ఈఎస్ఆర్ అంటారు. స్క్రూ టెర్మినళ్లున్న ఈ సైజు కెపాసిటర్ మంచి స్థితిలో ఉంటే అది ఇరవై, ముప్ఫై మిల్లీఓముల దగ్గర ఉంటుంది. 25 మిల్లీఓములని అనుకుని దాన్ని 4700 మైక్రోఫారడ్లతో గుణిస్తే 117 మైక్రోసెకన్లు వస్తుంది. అంటే బయట ఏ నిరోధమూ లేకుండా షార్ట్ చేస్తే, అంత కొద్ది సమయంలోనే వోల్టేజి 63 శాతం పడిపోతుంది, అర మిల్లీసెకను దాటేసరికి కెపాసిటర్ దాదాపు ఖాళీ అవుతుంది. లెక్క ప్రకారం మొదటి క్షణంలో 18,000 ఆంపియర్లు పారాలి. తీగల ఇండక్టెన్స్ (కరెంటు హఠాత్తుగా మారకుండా అడ్డుకునే గుణం), మొన తాకిన చోటి నిరోధం అడ్డుపడి అంత రాకపోయినా, వేల ఆంపియర్లు పారాయనడానికి మీ టెర్మినల్ మీది గుంటే సాక్ష్యం. 450 వోల్టుల దగ్గర ఇందులో ఉండే శక్తి సుమారు 476 జౌళ్లు. యాభై కిలోల బియ్యం బస్తాను దాదాపు మీటరు ఎత్తుకు లేపే శక్తి అది. అదంతా సూదిమొనంత చోట వేడిగా మారితే ఉక్కు కరగక ఏమవుతుంది? లోపలి అల్యూమినియం రేకును టెర్మినల్‌కు కలిపే సన్నని పట్టీలు కూడా ఆ దెబ్బ తింటాయి, కానీ ఆ నష్టం పైకి కనిపించదు.

అయితే మీ పరికరంలో కెపాసిటర్‌కూ అయస్కాంతానికీ మధ్య కాయిల్ ఉంటుంది కాబట్టి, డిశ్చార్జి వేగాన్ని నిర్ణయించేది అదే. కాయిల్ ఇండక్టెన్స్ 100 మైక్రోహెన్రీలు, దాని నిరోధం 0.1 ఓము అనుకుందాం. కెపాసిటర్ ఈఎస్ఆర్‌నూ కలిపి లెక్కిస్తే, కరెంటు ఒక్కసారిగా ఎగబాకకుండా, సుమారు 0.86 మిల్లీసెకన్లకు 1,800 ఆంపియర్ల శిఖరానికి చేరుతుంది, కెపాసిటర్ ఒకటిన్నర మిల్లీసెకన్లకు ఖాళీ అవుతుంది. అయస్కాంతానికి కావలసింది ఆ శిఖరమే. కరెంటు మరీ వేగంగా పెరిగితే చక్రం లోహంలో ఎడ్డీ కరెంట్లు (సుడులు తిరిగే కరెంట్లు) పుట్టి, క్షేత్రం లోతుకు దిగకుండా అడ్డుకుంటాయి. అందుకే మీ పనికి మిల్లీసెకన్లలో సాగే పల్స్ నయమన్నాను.

చాలామంది గమనించని చిక్కు ఇక్కడే ఉంది. కెపాసిటర్ ఖాళీ అయ్యాక కూడా కాయిల్‌లో వెయ్యి ఆంపియర్లకు పైగా కరెంటు మిగిలే ఉంటుంది. దారి లేకపోతే అది కెపాసిటర్‌నే ఎదురు దిశలో ఛార్జి చేస్తుంది. పై లెక్క ప్రకారం ప్లస్ టెర్మినల్ మైనస్ వంద వోల్టులకు చేరుతుంది. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఒకటి, ఒకటిన్నర వోల్టులకు మించి ఎదురు వోల్టేజిని తట్టుకోలేదు. పదే పదే ఇలా జరిగితే ఆక్సైడు పొర చెడి, గ్యాసు పుట్టి, చివరికి డబ్బా పగులుతుంది. కరెంటు వెనక్కి తిరిగితే మీరు ఎక్కించిన అయస్కాంత బలం కూడా కొంత దిగిపోతుంది. అందువల్ల కేథోడ్ ప్లస్ వైపు ఉండేలా ఒక పెద్ద డయోడ్‌ను కెపాసిటర్ టెర్మినళ్ల మధ్య పొట్టి, మందమైన తీగలతో కలపండి. మిగిలిన కరెంటు అదే దిశలో ఆ డయోడ్ గుండా తిరిగి చల్లారుతుంది. స్విచ్‌గా ఎస్‌సీఆర్‌నే (చిన్న సంకేతం ఇవ్వగానే పెద్ద కరెంటును ఒకే దిశలో పారనిచ్చే సెమీకండక్టర్ స్విచ్) వాడండి, మామూలు స్విచ్ కాంటాక్టులు అతుక్కుపోతాయి. ఎస్‌సీఆర్, డయోడ్ రెండింటి సర్జ్ రేటింగు (క్షణకాలం తట్టుకోగల గరిష్ఠ కరెంటు) మీరు లెక్కించిన కరెంటు కంటే ధారాళంగా ఎక్కువ ఉండాలి.

పాత కెపాసిటర్ కాబట్టి ముందు దాని ఈఎస్ఆర్ కొలిపించండి. ఉండాల్సిన దానికి అనేక రెట్లుంటే లోపలి ద్రవం ఎండిపోయిందని అర్థం, అది ఈ పనికి రాదు. బాగుంటే మొదటిసారి సిరీస్‌లో రెసిస్టర్ పెట్టి, వోల్టేజిని మెల్లగా పెంచుతూ ఛార్జి చేయండి. పని మొదలుపెట్టాక కూడా 400 వోల్టులు దాటించకండి.

ఇక మీరు అడగకపోయినా చెప్పి తీరాల్సింది ఒకటుంది. ఈ కెపాసిటర్ ప్రాణం తీయగలదు. 10 కిలోఓముల, 50 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్‌ను టెర్మినళ్ల మధ్య శాశ్వతంగా బిగించండి. సరఫరా ఆపాక వోల్టేజి 450 నుంచి 50కి దిగడానికి దాదాపు 103 సెకన్లు పడుతుంది. కొందరు రెండు పాత ఫిలమెంటు బల్బులను సిరీస్‌లో కలిపి ఖాళీ చేస్తారు, అది మంచి పద్ధతే. కానీ బల్బులు ఆరిపోయాక కూడా కొన్ని పదుల వోల్టులు మిగిలే ఉంటాయి, కనుక మల్టీమీటర్ చూడకుండా చేయి పెట్టకండి.

మీటర్ సున్నా చూపినా అది అప్పటి మాటే. ఖాళీ చేసిన కెపాసిటర్ కాసేపటికి తనంతట తానే కొంత వోల్టేజి తిరిగి తెచ్చుకుంటుంది, ఎలక్ట్రోలిటిక్ రకంలో అది మొదటి వోల్టేజిలో పది శాతం దాకా ఉండవచ్చు. నా మొదటి రోజుల్లో పూర్తిగా ఖాళీ చేశాననే ధీమాతో ఒక కెపాసిటర్‌ను బల్ల మీద వదిలి వెళ్లి, మర్నాడు పొద్దున తడి చేత్తో పక్కకు జరపబోయి రెండు టెర్మినళ్లనూ తాకాను. మోచేతి దాకా జిల్లుమంది. డబ్బా చేతిలోంచి జారి పాదం పక్కన పడింది. అప్పటి నుంచి నా దగ్గరున్న ప్రతి పెద్ద కెపాసిటర్ టెర్మినళ్లకూ ఒక రాగి తీగ చుట్టి ఉంటుంది. పరికరంలో బిగించేటప్పుడు మాత్రమే దాన్ని విప్పుతాను.