గొర్రెల ఈసుడు రోగానికి ప్రమాదం లేని టీకా ఎందుకు రావడం లేదు?

గొర్రెలు ఈసుకుపోయే, అంటే నెలలు నిండకముందే కడుపులోని పిల్ల పడిపోయే, మనుషులకూ అంటుకునే ఈసుడు రోగానికి, అంటే బ్రూసెల్లోసిస్‌కి, టీకా ఉన్నా చూడి జీవాలకు వేయొద్దంటారెందుకు, ప్రమాదం లేనిది తయారు చేయలేరా అని అడిగారు. నేను పశువైద్యుణ్ణి. సౌదీలో ఒక గొర్రెల ఫారంలో నాలుగేళ్లు పనిచేశాను. అక్కడ చూసింది చెబుతాను.

నేను చేరిన ఏడాదే యాజమాన్యం మందంతటికీ ఒకేసారి ఈ రోగానికి వేసే రెవ్-1 అనే టీకా సూదితో వేయించింది. చూడివి ఏవో, కానివి ఏవో చూడలేదు. కొత్తవాణ్ణి కావడంతో నేను గట్టిగా అడ్డుపడలేకపోయాను. అది ఇప్పటికీ బాధే. కొన్ని వారాలకు పొద్దున్నే దొడ్డిలోకి వెళితే చచ్చిన పిల్లలు, మాయలు. టీకా వేసేటప్పుడు వేలికి సూది గుచ్చుకున్న మన కడప జిల్లా కుర్రాడికి జ్వరం, రాత్రిళ్లు చెమటలు, నడుము నొప్పి పట్టుకున్నాయి. అది రెవ్-1 అని డాక్టరుకు నేనే వెళ్లి చెప్పాను. ఎందుకంటే ఆ టీకాలోని సూక్ష్మజీవి మీద, ఈ రోగానికి వాడే మందుల్లో ఒకటైన స్ట్రెప్టోమైసిన్ పనిచేయదు. డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్ కలిపి ఆరు వారాలు వాడాక కోలుకున్నాడు.

రెవ్-1ని 1950లలో కాలిఫోర్నియాలో ఎల్బర్గ్, ఫాన్స్ తయారు చేశారు. అది బలం తగ్గించిన బతికున్న సూక్ష్మజీవి. గొర్రె ఒంట్లో కొన్నాళ్లు బతికి ఉంటుంది కాబట్టే అంత బాగా కాపాడుతుంది. చూడి గొర్రెలో అదే మాయకు చేరి పిల్లను చంపుతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. చంపిన సూక్ష్మజీవులతో చేసిన టీకాలు ఇంత రక్షణ ఇవ్వలేదు. రోగాన్ని పట్టే రక్తపరీక్ష, సూక్ష్మజీవి పైపొరలోని ఓ-గొలుసు అనే చక్కెరల గొలుసు మీద పుట్టే యాంటీబాడీలనే వెతుకుతుంది. ఆ గొలుసు లేని టీకా రకాలైతే పరీక్షను తికమక పెట్టవు కానీ, ఆవుల్లో పనికొచ్చిన అలాంటి టీకా ఆర్‌బి-51 గొర్రెల్లో సరిగా కాపాడలేదు. జన్యువులు తీసేసి రెవ్-1నే మచ్చిక చేసే ప్రయత్నాలు పరిశోధనశాలల్లో సాగుతున్నాయి. నాకు ఎక్కువ ఆశ వాటి మీదే.

మరుసటి ఏడాది మేం టీకా మార్చలేదు, వేసే పద్ధతి మార్చాం. మూడు నుంచి ఆరు నెలల పిల్లలకు మాత్రమే, కంట్లో ఒక్క చుక్క. మోతాదు ఇంచుమించు అదే, కానీ సూక్ష్మజీవి చాలావరకు తల దగ్గరి గ్రంథుల్లోనే ఆగిపోతుంది. రక్తంలో యాంటీబాడీలు కూడా కొన్ని నెలల్లో తగ్గిపోతాయి కాబట్టి తర్వాత చేసే పరీక్షలో గందరగోళం తక్కువ. వేసేవాళ్లందరికీ కళ్లద్దాలు, గ్లౌజులు పెట్టించాను. పెద్ద గొర్రెలకు తప్పనిసరైతే ఈనడం అయ్యాక, మళ్లీ పొట్టేలు కలవకముందే. ఆ సీజన్లో టీకా వల్ల ఈసుకుపోయిన జీవం ఒక్కటీ మాకు కనబడలేదు.

మీ మందలో ఈసుకుపోతున్నాయంటే ముందు రక్తపరీక్ష చేయించండి, కారణాలు వేరే కూడా ఉంటాయి. దూడలకు వేసే ఎస్-19 టీకా తెచ్చి గొర్రెలకు పొడవొద్దు. మాయను ఉత్త చేతులతో ముట్టుకోకండి, సున్నం చల్లి లోతుగా పూడ్చండి. ఇంట్లో ఎవరికైనా జ్వరం వచ్చి తగ్గకపోతే, జీవాల దగ్గర పనిచేస్తామని డాక్టరుకు మొదటి మాటగా చెప్పండి.