ధ్యానంలోనూ అదే ఆలోచన వస్తుంటే?

ప్రశ్న: నా వయసు 29. విశాఖపట్నం గాజువాకలో, ఐదో అంతస్తులో ఉంటాం. మాకు పద్నాలుగు నెలల పాప. పాపను ఎత్తుకుని బాల్కనీలోకి వెళితే చాలు, ‘చేతులు వదిలేస్తానేమో’ అన్న ఆలోచన వచ్చి వణుకు పుడుతుంది. అది పోవడానికి మృత్యుంజయ మంత్రం పదకొండుసార్లు అనుకుంటాను. మధ్యలో మళ్లీ ఆ ఆలోచన వస్తే మొదటి నుంచి మొదలుపెడతాను. మానసిక వైద్యులు ఇది ఓసీడీ (వద్దన్నా వచ్చే ఆలోచనలు, వాటిని పోగొట్టుకోవడానికి పదేపదే చేసే చేష్టలతో వేధించే వ్యాధి) అని చెప్పి నెల క్రితం మాత్రలు రాశారు. 2025 జూన్ 21న రామకృష్ణా బీచ్‌లో యోగా దినోత్సవానికి వెళ్లినప్పటి నుంచి అనులోమ విలోమం (ముక్కు రంధ్రాలను మార్చి మార్చి శ్వాస తీసుకునే ప్రాణాయామం) చేస్తున్నాను, అందులోనూ ఇదే తంతు. యోగా ఉండగా మాత్రలెందుకని మా అత్తగారు అంటున్నారు. ‘నేనేమీ చేయను కదా’ అని మావారిని రోజుకు పదిసార్లు అడుగుతున్నాను. నేను చెడ్డ తల్లినా? యోగాతో ఇది పోతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు చెడ్డ తల్లి కారు. బిడ్డకు తన చేతులతోనే హాని జరుగుతుందేమోనన్న ఊహ ఎంతోమంది కొత్త తల్లిదండ్రులకు ఏదో ఒక క్షణంలో వస్తుంది. చాలామంది ఉలిక్కిపడి, మరుక్షణం మరచిపోతారు. ఓసీడీ ఉన్నవారు మాత్రం ఆ ఊహను తమ స్వభావానికి సాక్ష్యంగా తీసుకుని, తమ మీద తామే విచారణ మొదలుపెడతారు. పాప మీకు ప్రాణం కనుకనే ఈ వ్యాధి అక్కడ పట్టుకుంది; భక్తి మెండుగా ఉన్నవారికి పూజలో కూర్చోగానే దైవదూషణ తోచడం కూడా ఇటువంటిదే. అయితే ఎవరో ఆజ్ఞాపిస్తున్నట్టు మాటలు వినిపించినా, ఆ పని చేయడమే సరైనదని అనిపించినా, చనిపోవాలన్న తలంపు కలిగినా అది వేరే సంగతి. ఆ రోజే వైద్యులను కలవాలి.

మందు మింగేటప్పుడు కోతిని తలచుకోవద్దన్న వైద్యుడి కథ మనందరికీ తెలుసు. 1987లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ వెగ్నర్, తన సహచరులతో కలిసి, తెల్ల ఎలుగుబంటిని తలచుకోవద్దని విద్యార్థులకు చెప్పి చేసిన ప్రయోగంలోనూ అదే తేలింది: వద్దనుకున్న ఆలోచనే మళ్లీ మళ్లీ వస్తుంది. మీ భక్తిని నేను తప్పుపట్టడం లేదు. కానీ ఇప్పుడు మీరు మంత్రాన్ని దేవుడి కోసం జపించడం లేదు, ఆలోచనను కడిగేయడానికి వాడుతున్నారు. కడిగినప్పుడల్లా కాసేపు ఊరట కలుగుతుంది, ఆ ఊరటను చూసి మనసు ‘నిజంగానే ప్రమాదం ఉండేది, మంత్రం వల్ల తప్పింది’ అని నేర్చుకుంటుంది, మర్నాడు ఇంకా గట్టిగా భయపెడుతుంది. చేతులు పదేపదే కడుక్కునేవారికీ మీకూ తేడా ఇంతే: వారి చేష్ట బయటికి కనిపిస్తుంది, మీది లోపల జరుగుతుంది. అనులోమ విలోమం కూడా మీ చేతిలో అదే దారి పట్టింది.

యోగసూత్రాల్లో పతంజలి చెప్పిన ‘చిత్తవృత్తి నిరోధం’ అంటే ఆలోచనల గొంతు నొక్కడమని చాలామంది అనుకుంటారు. ఆయనే ఆ నిరోధం అభ్యాసం, వైరాగ్యం అనే రెండింటి వల్ల కలుగుతుందని చెప్పారు. మీ విషయంలో వైరాగ్యమంటే, వచ్చిన ఆలోచనకు జవాబు చెప్పాలన్న ఆరాటాన్ని వదులుకోవడమని నేను అర్థం చెబుతాను. కాబట్టి ఉదయం పది నిమిషాలు, కళ్లు తెరిచే కూర్చుని, పొట్ట కదిలేలా మామూలుగా శ్వాస తీసుకోండి, లెక్క పెట్టకండి. ఆలోచన రాగానే ‘ఆ ఆలోచన వచ్చింది’ అని మాత్రం గుర్తించి, దాన్ని తరమకుండా, దానితో వాదించకుండా శ్వాస దగ్గరికి తిరిగి రండి. వందసార్లు వస్తే వందసార్లు తిరిగి రండి, కానీ ఒక్కసారి కూడా మొదటి నుంచి మొదలుపెట్టకండి. చెడిపోయిందనిపించిన సాధనను చెడిపోయినట్టే ముగించి లేవడం మీకు అన్నిటికంటే కష్టమైన ఆసనం, అన్నిటికంటే అవసరమైనది కూడా. గుండె దడ పెంచే భస్త్రిక, కపాలభాతి వంటి వేగపు శ్వాస సాధనలు ప్రస్తుతానికి వద్దు. కూర్చుంటే ఆందోళన మరీ ఎక్కువైన రోజున నెమ్మదిగా సూర్య నమస్కారాలు చేస్తే చాలు.

యోగా ఒక్కదానితో ఓసీడీ పోతుందని నేను చెప్పలేను. దీనికి బలమైన ఆధారాలున్న చికిత్సలు రెండు. ఒకటి మందులు: పని కనిపించడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పట్టవచ్చు కనుక నెలకే తీర్పు చెప్పకండి, వైద్యులను అడగకుండా ఆపకండి, పాలిస్తున్నట్లయితే ఆ సంగతి వారికి తప్పక చెప్పండి. రెండోది, భయపెట్టే పరిస్థితిలోకి మెట్లు మెట్లుగా వెళ్లి, అలవాటైన చేష్ట చేయకుండా ఉండటాన్ని నేర్పే చికిత్స. పాపను ఎత్తుకుని మొదట బాల్కనీ గుమ్మం దగ్గర, తర్వాత బాల్కనీలోనే, మంత్రం అనుకోకుండా నిలబడటం వంటివి అందులో ఉంటాయి. భయం పెరిగి, మీరేమీ చేయకుండానే తగ్గుతుందని అప్పుడు స్వయంగా తెలుస్తుంది. శిక్షణ ఉన్న నిపుణుల దగ్గరే దీన్ని మొదలుపెట్టాలి. రోజూ చేసే ధ్యానం ఆ నిలబడటానికి ఓర్పునిస్తుంది. వాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల పేరు చెబితే నేటికీ కొందరు ముఖం చిట్లిస్తారు, అది చూస్తే నాకు బాధ కలుగుతుంది. అక్కడికి వెళ్లడంలో సిగ్గుపడాల్సింది లేదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరులో రాత్రైనా పగలైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇక మీవారి సంగతి. మీరు అడిగినప్పుడల్లా ‘నువ్వేమీ చేయవు’ అని ఆయన ప్రేమతో చెప్పే మాట కూడా మంత్రం చేసిన పనే చేస్తోంది. ఈ జవాబును ఆయన చేత చదివించండి. మీ వైద్యులతో కూడా మాట్లాడి, భరోసాను ఒక్కసారిగా కాక, పదిసార్లను ఎనిమిదిగా, ఎనిమిదిని అయిదుగా తగ్గిస్తూ రమ్మనండి. మీరు మళ్లీ అడిగితే కసరకుండా, ‘భయంగా ఉందని తెలుస్తోంది, కానీ దీనికి జవాబు చెప్పుకోకూడదని అనుకున్నాం కదా, రా, పాపకు అన్నం కలుపుదాం’ అనమనండి.